ఇనుముకి తొడిగిన గాజులు

దాగినవాటిని ఎరిగిన దేవునికి స్తోత్రం. మనం చూడకుండా వదిలేసినదాన్ని చూసినవానికి, మనం అడగకముందే చెయ్యి చాపినవానికి మహిమ. ఆయన నామం ముందు పెట్టకుండా ఈ నాలుగు పేజీలు మొదలుపెట్టే ధైర్యం నాకు లేదు. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.

మొన్న సోమవారం పొద్దున, విజయనగరంలో నెల్లిమర్ల రోడ్డు మీదున్న మా షాపు వెనకాల, డీజిలు పోసిన రేకు తొట్టి ముందు పీట వేసుకుని కూర్చున్నాను. నరసన్నపేట పాత ఇనుము వ్యాపారి గోనెసంచిలో పంపిన సరుకు కడగాలి. మాడిన ఇంజనాయిలు వాసనకి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకున్నాను. ఇరవై ఏళ్ళయినా అలవాటు కాలేదు. సంచిలోంచి మూడో షాఫ్టు తీసి తొట్టిలో ముంచి, గుడ్డతో చివర తుడిచాను. చివర ఉన్న గుర్తు చూసి గుడ్డ వదిలేశాను. లేచాను. రోడ్డు దాకా వెళ్ళి మళ్ళీ వచ్చాను. కూర్చోలేక నిలబడ్డాను, నిలబడలేక కూర్చున్నాను. ఆ గుర్తు సంగతి చెప్పాలంటే ముందు పైడమ్మత్త సంగతి చెప్పాలి. మీరెవరూ ఆమెను ఎరగరు. ఎరిగినవాళ్ళు కూడా తగ్గిపోతున్నారు.

నాకు ముప్ఫై రెండేళ్ళప్పుడు, నేను పంతులమ్మగా పనిచేస్తున్న ప్రైవేటు బడి మూసేశారు. పాత ఇంజను సామాన్ల షాపులో రాతపని తెలిసిన మనిషి కావాలట అని సంఘంలో ఒక సహోదరి చెబితే వెళ్ళాను. రేకుల షెడ్డు. లోపల దూలాలకి తీగలు కట్టి, వాటికి మూరన్నర పొడవున్న ఇనుప కడ్డీలు నిలువుగా వేలాడదీసి ఉన్నాయి. వాటి మధ్య తెల్లచీర కట్టుకుని, బోడి చేతులతో ఒక పెద్దావిడ అటూ ఇటూ తిరుగుతోంది. ఆమె కూర్చోగా నేను చూసింది తక్కువ. వేలికి ఒక ఇత్తడి గాజు తగిలించుకుని దాన్ని తిప్పుతూ ఉండేది. మాట్లాడుతున్నా, మౌనంగా ఉన్నా ఆ గాజు తిరుగుతూనే ఉండేది.

"నీ పేరేటి?"

"దయామణి అండి."

"సదువొచ్చా?"

"డిగ్రీ అండి. టీచరుగా చేశానండి."

"అండీ అంటావేటే? నువ్వండీ అన్నప్పుడల్లా నా ఎనకాల ఎవులున్నారో అని తిరిగి సూస్తన్నాను. అత్తా అను. నాకు సదువు రాదు. నువ్వు రాసిపెట్టు, నాను నీకు సూడ్డం నేర్పుతాను. అయితే రేపు బేగొచ్చీ."

చూడటం అంటే ఏమిటో అప్పుడు నాకు తెలియదు. కళ్ళున్నవాళ్ళంతా చూస్తారనుకున్నాను.

ఎరగనివాళ్ళ కోసం ఒక మాట. ఇంజను కూడా మనలాగే గాలి పీల్చి వదులుతుంది. ఆ తలుపుల్ని వాల్వులంటారు. వాటిని వేళకు తెరిపించేది క్యామ్‌షాఫ్టు, అంటే మా దూలాలకి వేలాడుతున్న ఆ కడ్డీ. దాని ఒంటినిండా కోడిగుడ్డు ఆకారంలో ఎత్తులుంటాయి. అవి తిరుగుతూ పైకి తోస్తే, ఇంజను నెత్తిన ఉయ్యాలబల్లల్లా ఊగే రాకర్లు వాల్వుల్ని నొక్కుతాయి. ఎత్తుల మధ్యలో, షాఫ్టు బేరింగుల్లో కూర్చునే గుండ్రటి చోట్లని కంపెనీవాళ్ళు జర్నల్ అంటారు. పైడమ్మత్త మాత్రం ఎత్తుల్ని గుడ్లనీ, జర్నల్‌ని మణికట్టనీ అనేది. మణికట్టు అనడానికి కారణముంది. షాపుకు రాకముందు ఆమె గాజులమ్మేది. గాజుల మలారం భుజాన వేసుకుని ఊరూరా తిరిగి, ఆడవాళ్ళ చేతులు పట్టుకుని చూసి, రెండు నాలుగో రెండు ఆరో కొలవకుండా చెప్పేది. భర్త పోయాక ఈ షాపు ఆమె మీద పడింది.

ఎనభైల్లో జపానువాళ్ళ ఇంజన్లతో చిన్న లారీలు వచ్చాయి. చేపలకీ మంచుకీ జీడిపిక్కలకీ మా వైపు ఎక్కడ చూసినా అవే. తరవాత వాటి తయారీ ఆగిపోయింది, సామాన్లు రావడం మానేశాయి. లారీలు మాత్రం ఆగలేదు. ఒకదాని షాఫ్టు అరిగిపోతే దాని దాయాది ఇంజనుది వెతకాలి. అదే వంశపు ఇంజను జనరేటరులో ఉంటుంది, పడవలో ఉంటుంది, ఇంకో పేరుతో ఇంకో లారీలో ఉంటుంది. ఏది దేనికి నప్పుతుందో చెప్పే పుస్తకం మా దగ్గర లేదు. పైడమ్మత్త దగ్గర గాజులున్నాయి.

గోడకి మేకు, మేకుకి తాడు, తాడుకి పదకొండు ఇత్తడి గాజులు. లేతు పనివాడి చేత లోపల సాపు చేయించి పెట్టుకుంది. షాఫ్టు చేతికొస్తే ముందు గుడ్లు లెక్కపెట్టేది. ఎనిమిదా, తొమ్మిదా? తొమ్మిదోది ఉంటే అది డీజిలు పంపుని తోసేది. షాఫ్టు ముందు ముక్కు దగ్గర పళ్ళచక్రం నిలిపేది చీలా, పిన్నా? ఆ తరవాత ఒక్కొక్క గాజూ తొడిగేది. కొన్ని షాఫ్టుల్లో అన్ని మణికట్లూ ఒకటే. కొన్నింటిలో ముందునుంచి వెనక్కి కాస్త కాస్త సన్నబడతాయి. ఏ గాజు ఏ మణికట్టు దగ్గర ఆగిందో చూసి, ఇది ఫలానా వంశం అనేది. ఆ తరవాతే నా మైక్రోమీటరు, మర తిప్పి వెంట్రుకవాసి తేడా కూడా కొలిచే పరికరం.

"గాజు ఇంటిపేరు సెప్తాది. నీ మరసామాను వయసు సెప్తాది. రెండూ కావాల," అనేది.

మొదటి వారంలోనే అడిగాను, అడగకూడదని తెలిసీ. "అత్తా, ఇన్ని గాజులు పెట్టుకుని చేతికి ఒక్కటీ వేసుకోవేం?"

ఆమె వేలి మీది గాజు ఒక్కసారి ఆగింది. మళ్ళీ తిరిగింది. "మొగుడు పోయిన పదోనాడు అందరూ కూకుని నా గాజులు తీయించినారు. సేతికి ఒద్దన్నారు. ఇనుముకి ఒద్దన్నవోలు ఎవులూ నేరు గదా?"

షాఫ్టు వంగిందో లేదో చూడటానికి దాన్ని మందపాటి గాజుపలక మీద దొర్లించేది. ఆ పలక ఆమె పాత గాజుల దుకాణం అలమారా మీదిది. షాఫ్టుని ఎప్పుడూ పడుకోబెట్టనిచ్చేది కాదు. "పడుకుంటే వంగుతాది. మనిషైనా ఇనుమైనా," అనేది. ఆ మాట ఆమె బతుక్కి సరిగ్గా సరిపోయేది. తినేటప్పుడు కూడా నిలబడే తినేది. షాఫ్టు తీసుకెళ్ళిన మనిషి బస్టాండు చేరేలోగా ఏదో అనుమానం వచ్చి, చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తి వెనక్కి పిలిచిన రోజులున్నాయి. కొన్న మనిషి విసుక్కునేవాడు. ఈమె మళ్ళీ గాజు తొడిగి చూసి, సరే పో అనేది.

ఆమెకు రెండు కట్టుబాట్లుండేవి. కడగనిదీ ఊదనిదీ కొలవకూడదు. పాత షాఫ్టునైనా కొత్తదాన్నైనా డీజిల్లో కడిగి, మధ్య మణికట్టుకున్న సన్నటి కన్నానికి నోరు పెట్టి ఊదేది. అవతల వైపు అరచెయ్యి పెట్టేది. అరచేతికి గాలి తగిలితేనే పక్కకి పెట్టేది. ఇంజను కింద నుంచి నూనె ఆ కన్నం గుండానే పైన రాకర్లకి వెళ్తుంది. రెండో కట్టుబాటు, సరిపోతుందని చెప్పినవాళ్ళు షాఫ్టు చివర తమ గుర్తు కొట్టాలి. ఆమెది ఆకురాయితో రెండు గీతలు. "సరిపోతాది అన్న నోరు ఎవులిదో షాఫ్టుకి తెలియాల. రేపు తిరిగొస్తే మొకం దాసుకోకూడదు," అనేది.

నేను పుట్టింది ప్రార్థనలో. మా అమ్మ వాక్యం చెప్పడానికి పల్లెలు తిరిగేది. సండే స్కూల్లో కంఠస్థ వాక్యాలకి ప్రతి ఏడాదీ నాదే మొదటి బహుమతి. ఏ పనికైనా ముందు కళ్ళు మూసుకోవడం నాకు ఊపిరంత అలవాటు. షాపులో కూడా షాఫ్టు వెతికేముందు కళ్ళు మూసుకునేదాన్ని.

"కళ్ళు మూసుకుని ఏటి సూస్తన్నావే గుంటా?" అని నవ్వేది పైడమ్మత్త.

"సరైనది చూపించమని అడుగుతున్నానత్తా."

"అడుగు, ఒద్దనను. మీ దేవుడు వడ్రంగి పని సేసినోడట గదా, నువ్వే సెప్పినావు. అయితే ఆయనికి కొలత తెలుస్తాది. వడ్రంగోడు కొలవకుండా కొయ్యడు. నువ్వూ కొలిసి అడుగు."

నాకు కోపం వచ్చేది. ఆ నవ్వులో ఎగతాళి లేదని నాకు తెలుసు, అయినా వచ్చేది. లోలోపల ఇంకో మాట కూడా ఉండేది, ఈరోజు దాచను. చదువు రాని ఈ మనిషి గాజులతో తడుముకుంటోంది, నాకు అంకెలొచ్చు, పైగా నాకు దేవుడున్నాడు అనుకునేదాన్ని.

చేరిన నాలుగో నెలలో, వేసవిలో చేపల వేట ఆపే రోజులు ముగిసి పడవలు మళ్ళీ సముద్రంలోకి దిగే వారం వచ్చింది. పైడమ్మత్త మొక్కు తీర్చుకోవడానికి రామతీర్థం వెళ్ళింది. షాపులో నేనొక్కదాన్నే. మధ్యాహ్నం పూట నీలం రంగు క్యాబిన్, తలుపు మీద తెల్లకొంగ బొమ్మ ఉన్న లారీ ఒకటి తాడుతో ఇంకో లారీ లాక్కొస్తుంటే వచ్చి మా ముందు ఆగింది. దిగినతను నరసన్నపేట అవతల సముద్రం ఒడ్డు మనిషి. ఇంజను అప్పటికే విప్పించి, పాత షాఫ్టు గోనెపట్టాలో చుట్టి తెచ్చాడు. మా వైపు అక్కని పిలిచినట్టు నన్ను అప్పా అని పిలిచాడు.

"అప్పా, బేగి సూడప్పా. రేపు పడవలు ఒడ్డుకొస్తాయి. మంచు కొట్టించి ఉంచీసినాను. బండి లేకపోతే సరుకంతా ఇసకలోనే కుళ్ళిపోతాది."

పాత షాఫ్టు మీద మాడిన నూనె తారులా పేరుకుని ఉంది. గుడ్లు అరిగి చదునైపోయాయి. కడగాలంటే అరగంట. అతను నిలబడలేకపోతున్నాడు. నేను మణికట్ల మీద కాస్త కాస్త తుడిచి మైక్రోమీటరు పెట్టాను. రెండు గుడ్ల మధ్య పోతపోసిన అంకెలు గోటితో గీకి చదివాను. కళ్ళు మూసుకున్నాను. తెరిచి వెనక వరస దగ్గరికి వెళ్ళి మొదట చెయ్యి వేసిన షాఫ్టు మీద అంకెలు చూస్తే, ఒక్కటి కూడా తేడా లేదు. కొలిచాను. వెంట్రుకవాసి తేడా లేదు. స్తోత్రం అని గట్టిగానే అన్నాను. అతను కూడా దణ్ణం పెట్టాడు, ఎవరికో తెలియదు.

ఆరోజు మొదటిసారి నా గుర్తు కొట్టాను. ఉలితో చిన్న సిలువ. చెయ్యి జారి ఒక గీత పొడుగైంది. అతను రెండు షాఫ్టులూ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. వచ్చినవాళ్ళ పేరూ ఊరూ రాసుకోవడానికే నన్ను పనిలో పెట్టుకుంది అత్త. ఆ సంతోషంలో అది కూడా మరిచిపోయాను.

ఆదివారం ఆరాధనలో లేచి సాక్ష్యం చెప్పాను. నలభై షాఫ్టుల మధ్య ప్రభువు నా చెయ్యి పట్టుకుని ఒక్కదాని మీద పెట్టాడన్నాను. ఒక జాలరి ఇంటి అన్నం ఆయన నా చేత నిలబెట్టాడన్నాను. సంఘమంతా హల్లెలూయ అంది. పాస్టరు గారు ఆ మాటనే తీసుకుని ప్రసంగం మొదలుపెట్టారు. ఇంటికి నడుస్తుంటే నా కాళ్ళు నేల మీద లేవు.

సోమవారం పైడమ్మత్త వచ్చింది. నేను ప్రసాదం తిననని ఆమెకు తెలుసు. అందుకని రెండు అరటిపళ్ళు చేతిలో పెట్టి, "ఇవి పూజలో ఎట్టనేదు. నీకని దార్లో కొన్నాను, తిను," అంది. నేను షాఫ్టు ఇచ్చానని చెబితే, "నీ గుర్తు కొట్టీసినావా! అయితే నీకు పని వచ్చీసింది," అని నా నెత్తి మీద చెయ్యి వేసింది. ఇంకేమీ అడగలేదు. కడిగావా, ఊదావా అని అడిగి ఉంటే బాగుండేది. అంత నమ్మకం పెట్టుకుంది మరి.

మంగళవారం షాఫ్టులకి పేరు చీటీలు కడుతూ వెనక వరసకి వచ్చాను. నేనిచ్చిన షాఫ్టు పక్కనే అదే అంకెలతో రెండోది వేలాడుతోంది. రెండూ ఒకే చోట నుంచి వచ్చినవి. చీటీ కట్టేముందు కడిగాను. కన్నం కోసం మధ్య మణికట్టు చుట్టూ బొటనవేలు తిప్పాను. నున్నగా ఉంది. ఇంకోసారి తిప్పాను. కన్నం లేదు. అది జనరేటరు ఇంజను షాఫ్టు. ఆ ఇంజన్లలో రాకర్లకి నూనె బయటి గొట్టం మీదుగా వెళ్తుంది, షాఫ్టుకి కన్నం అక్కరలేదు. అచ్చు రెండింటికీ ఒకటే, ఆ పైన చేసిన పని వేరు. అంకెలు అచ్చు సంగతే చెప్పాయి. నేనిచ్చినదానితో అతని ఇంజను మొదలవుతుంది, నడుస్తుంది, బాగుందనిపిస్తుంది. పైన రాకర్లు మాత్రం చుక్క నూనె లేకుండా రుద్దుకుని, కొన్నాళ్ళకి ఎక్కడో ఒక దారిలో బిగుసుకుపోతాయి, బండి ఆగిపోతుంది. వెనకాల చేపలుంటాయి. మంచు కరుగుతూ ఉంటుంది.

ఆరోజు అత్తకి చెప్పలేదు. మీకు అబద్ధం చెప్పను, నేను మొదట ఆలోచించింది ఆ లారీ గురించి కాదు, ఆదివారం గురించి. చెబితే నా సాక్ష్యం ఏమవుతుంది? పాస్టరు గారి ప్రసంగం ఏమవుతుంది? చీటీలు తప్పు కట్టాను. కట్టినవి విప్పాను. నీళ్ళు తాగడానికి వెళ్ళి తాగకుండా వచ్చాను. పైడమ్మత్త రెండుసార్లు నా వంక చూసింది. బుధవారం పొద్దున ఆమె తాళం తీస్తుండగానే, గుమ్మం బయట నిలబడే చెప్పేశాను.

ఆమె తిట్టలేదు. తీసిన తాళం మళ్ళీ వేసింది. వేసేముందు లోపలి మేకు మీది గాజుల తాడు మాత్రం తెచ్చుకుంది.

"పద."

"ఎక్కడికత్తా?"

"ఎక్కడికేటి? ఇచ్చినకాడికి."

పేరు లేదు, ఊరు లేదు. నీలం క్యాబిన్, తెల్లకొంగ. అంతే. శ్రీకాకుళంలో దిగి మెకానిక్ షెడ్లన్నీ అడిగాం. నరసన్నపేటలో హైవే పక్కన వరసగా ఉన్న షెడ్లలో ఒక్కొక్కటీ ఎక్కి దిగాం. ఎండ. పైడమ్మత్త నడక ఆగలేదు. ఆగి ఉన్న ప్రతి చిన్న లారీ దగ్గరికీ వెళ్ళి క్యాబిన్ తలుపు చూసేది. మెళ్ళో ఆ గాజుల తాడు చూసి ఒక మెకానిక్ నవ్వాడు.

"ఏటి మామ్మా, మా ఆడోలు ఇక్కడ నేరు. గాజులమ్ముకోడానికి ఊర్లోకెళ్ళు."

"నీ ఆడోలికి కాదురా, నీ ఇంజనికి తొడుగుదామని వచ్చినాను. సెయ్యి సాపమను," అంది ఈమె. షెడ్డంతా నవ్వారు. ఆ నవ్వులోనే తన పని చెప్పుకుంది. తెల్లకొంగ బండి కనబడితే నడపొద్దని చెప్పండి, విజయనగరం గాజుల పైడమ్మ చెప్పిందని చెప్పండి, తప్పు మాదేనని చెప్పండి అని. మాది అంది. నాది అనలేదు, దీనిది అని నా వైపు చూపించలేదు.

గురువారం సముద్రం ఒడ్డుకి వెళ్ళాం. చేపలు ఎత్తే చోట అడిగితే, అలాటి బండి మొన్న ఒచ్చింది, ఒరిస్సా వైపు సరుకేసుకుని పోనాది, ఎవులిదో తెలీదు, మళ్ళీ రానేదు అన్నారు. మళ్ళీ రాలేదు అన్న మాట నా చెవిలో ఉండిపోయింది. శుక్రవారం టెక్కలి దాకా వెళ్ళి ఖాళీ చేతులతో తిరిగొచ్చాం. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఎదురొచ్చే ప్రతి లారీనీ చూస్తూ ఏడ్చాను. అప్పుడే సాక్ష్యం సంగతి చెప్పాను.

"గుడిలో సెప్పీసినావా? షాఫ్టు గురించా?" పైడమ్మత్తకి నవ్వాగలేదు. కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. ముందు సీటువాళ్ళు తిరిగి చూశారు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, నా చెయ్యి తన ఒళ్ళోకి లాక్కుంది. "అయితే మళ్ళీ అక్కడే సెప్పాల. ఏ సేతికి తొడిగినావో ఆ సేతికే తియ్యాల."

"ఎలా చెప్పనత్తా? దేవుడు చూపించాడన్నాను."

"దేవుడు సూపించలేదని సెప్పకు, అది నీకు తెలీదు. నువ్వు కడగలేదని సెప్పు. అది నీకు తెలుసు."

డిగ్రీ చదివినా, వాక్యం కంఠస్థం చేసినా, ఈ రెండింటి మధ్య గీత నాకు ఎవరూ అంత సన్నగా గీసి చూపించలేదు.

ఆదివారం లేచి నిలబడ్డాను. చాపల వరసల్లో చివర, గుమ్మం దగ్గర, తెల్లచీర కొంగు నెత్తిన కప్పుకుని పైడమ్మత్త కూర్చుని ఉంది. వస్తానని నాతో అనలేదు. ఆమె కూర్చుని ఉండటం చూసి చేతిలో బైబిలు పక్కన పెట్టేశాను. చెప్పాను. షాఫ్టు తప్పు, నేను కడగలేదు, తొందరపడ్డాను, గొప్పకి పోయాను, ఆ లారీ ఎక్కడుందో తెలియదు, దాని కోసం ప్రార్థించండి అన్నాను. ఎవరూ హల్లెలూయ అనలేదు. ఒక సంఘ పెద్ద మెల్లగా అన్నారు, "ఇలాంటివి ఇక్కడ చెప్పకూడదమ్మా. దేవునికి అవమానం."

గుమ్మం దగ్గర నుంచి మాట వచ్చింది. "తప్పు సేసింది గుంట గదా బాబూ, ఆయనికెందుకు అవమానం?"

అందరూ తిరిగి చూసేసరికి ఆమె బయట చెప్పులు వెతుక్కుంటోంది. పాస్టరు గారు అందరినీ మోకాళ్ళ మీద కూర్చోమన్నారు. ఆ రోజు సంఘమంతా ముక్కూ మొహం తెలియని ఒక లారీ డ్రైవరు కోసం ప్రార్థించింది.

ఆ తరవాత నేను కడగని షాఫ్టు లేదు, ఊదని కన్నం లేదు. పేరు రాయకుండా ఎవరినీ పంపలేదు. అయినా నెమ్మది రాలేదు. హైవే మీద పాత జపాను లారీ చప్పుడు వినబడితే చేస్తున్న పని ఆపి వింటాను. నూనె లేని రాకరు టకటకమని ఎండిన చప్పుడు చేస్తుంది. బంధువుల ఇంటికి పెళ్ళికి వెళ్ళినా అంతే, పంక్తిలోంచి లేచి రోడ్డు మీదకి వచ్చి చూసిన రోజులున్నాయి. శ్రీకాకుళం వైపు వెళ్ళొచ్చిన ప్రతిసారీ పైడమ్మత్త ఒకటే అడిగేది.

"కనపడిందా?"

"లేదత్తా."

"సూస్తూండు."

అది మా ఇద్దరి మధ్య పలకరింపు అయిపోయింది. ఏళ్ళు గడిచాయి. ఆమె చివరి జబ్బులో మంచం మీద కూడా పడుకునేది కాదు, గోడకి ఆనుకుని కూర్చునేది. వంగిపోతానని భయం. గాజుల తాడు నా చేతిలో పెట్టి, "ఇయి నీ సేతికి కాదు," అని నవ్వింది. ఆ మర్నాడు నేను వెళ్ళేసరికి మాట సన్నబడింది. పెదాలు కదిలాయి. వంగి విన్నాను. "కనపడిందా?" అంది. లేదత్తా అన్నాను. సూస్తూండు అనలేదు. నా వేలు పట్టుకుని, గాజు తిప్పినట్టు తిప్పింది.

మొన్న సోమవారం తొట్టిలోంచి తీసిన షాఫ్టు చివర చిన్న సిలువ ఉంది. ఒక గీత పొడుగు.

ఎంతసేపు రోడ్డుకీ తొట్టికీ మధ్య తిరిగానో తెలియదు. చివరికి కూర్చుని కడిగాను. మధ్య మణికట్టు మీద బొటనవేలు తిప్పాను. వేలు ఒకచోట దిగింది. కన్నం ఉంది. కంపెనీ కన్నం కాదు. కొంచెం వంకరగా, చేతి డ్రిల్లుతో ఎవరో ఓపిగ్గా తొలిచిన కన్నం. బేరింగు గీసుకోకుండా దాని అంచు మెత్తగా రుద్ది కూడా ఉంది. షాఫ్టు బిగించేముందు ఎవరో పాతదాన్ని కడిగారు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశారు. నేను చెయ్యని పని చేశారు. గుడ్లు చూశాను. నూనె పట్టి, ఏళ్ళ తరబడి సమంగా అరిగిన గుడ్లు. పాత ఇనుము వ్యాపారికి ఫోను చేశాను. ఏ బండిదో తెలియదన్నాడు, బండిని ముక్కలుగా కోయడానికి తెచ్చినప్పుడు ఇంజను తిరుగుతూనే ఉండిందట అన్నాడు.

నేను బస్సులో ఏడుస్తున్నప్పటికే, నేను ఆదివారం మొదటిసారి లేచి నిలబడేటప్పటికే, ఆ తప్పు సరి అయిపోయి ఉంది. నా చేతుల మీదుగా కాదు. ఆ కన్నానికి నోరు పెట్టి ఊదాను. అవతల నా అరచేతికి గాలి తగిలింది.

"కనపడింది అత్తా," అన్నాను, మేకుకున్న గాజుల వైపు తిరిగి. గట్టిగానే అన్నాను. షాపులో ఎవరూ లేరు.

నెమ్మది వస్తుందనుకున్నాను. ఇంకా రాలేదు. ఇప్పుడు లారీల బదులు ముసలి మెకానిక్కుల చేతులు చూస్తున్నాను. ఆ షాఫ్టుని అమ్మను. గాజుల పక్కన ఇంకో మేకు కొట్టి నిలువుగా వేలాడదీశాను. సరిపోతుందా అని ఎవరైనా అడిగితే, సరే అనేముందు దాని వైపు ఒకసారి చూస్తాను.

ఇక్కడిదాకా చదివినవారు నాతో ఒక్క నిమిషం తల వంచండి. ఏ మతంవారైనా సరే, మీకు తెలిసినట్టు వంచండి. పేరు రాసుకోలేదు గనక నేను పేరు పెట్టి అడగలేను. ప్రభువా, ఆ డ్రిల్లు పట్టిన చెయ్యి ఎవరిదో నీకు తెలుసు. బతికి ఉంటే ఆ చేతికి వణుకు రానీయకు, పనిలో ఉంటే దానికి గాయం తగలనీయకు. వెళ్ళిపోయి ఉంటే, చెప్పులు వేసుకోకుండా పరుగెత్తే ఒక తెల్లచీర మనిషి అక్కడెక్కడో ఉంటుంది, ఆమె ఎదురుపడినప్పుడు, ఆ కన్నం తొలిచింది తానేనని ఆ మనిషి చేత చెప్పించు. ఆమెన్ అనండి, నాతో.